ఇంట్లో గుడ్డ మాస్కు కుట్టుకోవడం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

కంచరపాలెంలో మా ఇంటి మెట్ల కింద ఒక కాలి మిషన్ ఉంది. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్స్, ఇదీ నా పని. 2020 ఏప్రిల్‌లో జాకెట్లు ఆగిపోయి మాస్కులు మొదలయ్యాయి. రాష్ట్రంలో మనిషికి 3 చొప్పున మాస్కులు పంచుతామని ప్రభుత్వం చెప్పింది ఆ నెలలోనే. డ్వాక్రా ఆడవాళ్ళు ఊరూరా కూర్చుని కుట్టారు. నేను మా వీధి వరకే కుట్టాను. ఆ హడావిడి సద్దుమణిగి ఏళ్ళయినా మాస్కు గురించి అడిగేవాళ్ళు మాత్రం తగ్గలేదు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

కరోనా పోయింది కదా, ఇప్పుడు గుడ్డ మాస్కు దేనికి?

మా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మందికి దుమ్మే బాధ. వన్ టౌన్, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పోర్టు వైపు నుంచి గాలి వీస్తే కిటికీ గట్టు మీద వేలితో పేరు రాయొచ్చు. హైవే మీద స్కూటరు నడిపేవాళ్ళు, సంక్రాంతికి అటకలు దులిపేవాళ్ళు, ఇంట్లో సున్నం గీకించేవాళ్ళు కూడా అడుగుతారు. జలుబు చేసినప్పుడు బస్సెక్కాలన్నా, పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ వరసలో నిలబడాలన్నా పక్కవాళ్ళ కోసం మాస్కు వేసుకోవడం మర్యాద. ప్రతిసారీ కొత్తది కొని పారేసే కంటే ఇంట్లో నాలుగు కుట్టి పెట్టుకుంటే సరిపోతుంది.

గుడ్డ మాస్కు దేన్ని ఆపుతుంది? దేన్ని ఆపలేదు?

మనం మాట్లాడినా, దగ్గినా, తుమ్మినా బయటికొచ్చే తుంపరల్ని బాగా ఆపుతుంది. కంటికి కనిపించే దుమ్మునీ ఆపుతుంది. సన్న ధూళిని, గాల్లో తేలే మరీ చిన్న కణాల్ని కొంతవరకే ఆపుతుంది. ఎన్95కి ఆ పేరు రావడానికి కారణం 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని పరీక్షలో పట్టుకోవాలి గనుక. ఆ పని బట్టతో అయ్యేది కాదు. ఇంట్లో టీబీ ఉన్న మనిషికి సేవ చేస్తుంటే ఎన్95 కావాలి, అది ఎలా వాడాలో డాక్టర్నే అడగండి. పెయింటు స్ప్రే, గ్రానైట్ కోత పనులకి కూడా గుడ్డ మాస్కు పనికిరాదు.

ఇక వాయువులు. ఈ ఊళ్ళో ఈ మాట గట్టిగానే చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి బయటికొచ్చినప్పుడు జనం దొరికిన గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని పరుగెత్తారు. ఎన్ని పొరల గుడ్డయినా ఆవిరిని వడకట్టలేదు. తడిపినా లాభం అంతంతే, స్టైరీన్ నీళ్ళలో పెద్దగా కరగదు. అలాంటప్పుడు మాస్కు వెతుక్కుంటూ ఇంట్లో ఆగొద్దు, అక్కణ్ణించి దూరంగా వెళ్ళిపోవాలి.

ఏ బట్ట మంచిది?

దగ్గరగా నేసిన మెత్తటి నూలు బట్ట. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి జాకెట్‌కి వాడే టూ బై టూ కాటన్ గానీ, పాప్లిన్ గానీ, లైనింగ్‌కి వేసే కేంబ్రిక్ గానీ అడగండి. పాత దుప్పటి, పాత పంచె కూడా మంచివే, అరిగి పల్చబడకుండా ఉంటే. బట్టని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకోండి. పోగుల మధ్య వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే వద్దు. ఆ తర్వాత రెండు పొరలు నోటికి ఆనించి నాలుగుసార్లు ఊపిరి తీయండి. ఇబ్బందిగా ఉంటే అదీ వద్దు.

జార్జెట్, షిఫాన్, నెట్ దండగ. బనీను బట్ట సాగుతుంది, సాగినప్పుడల్లా దాని కంతలూ పెద్దవవుతాయి. పొందూరు ఖద్దరు పెట్టి కుట్టమని ఒకాయన తెచ్చారు. అంత సన్నని నూలు చూస్తే ప్రాణం లేచొచ్చింది గానీ, పైపొరకి పాప్లిన్ వేసి, మొహానికి తగిలే లోపలి పొరకే దాన్ని వాడాను. జరీ ఉన్న బట్ట లోపలికి అస్సలు వద్దు, గంటలో బుగ్గ ఎర్రబడుతుంది.

రెండు పొరలా, మూడా?

దుమ్ముకి రెండు చాలు. జలుబు, దగ్గు, ఆసుపత్రి అంటే మూడు మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో చెప్పిన పద్ధతి ఇది: లోపల తేమ పీల్చే నూలు, మధ్యలో నాన్ ఓవెన్ పొర, బయట నీటిని అంతగా పీల్చని పాలిస్టర్ కలిసిన బట్ట.

ఆ నాన్ ఓవెన్ అంటే ఏదో కాదు, బట్టల షాపుల్లో ఇచ్చే గుడ్డలాంటి సంచులు ఉంటాయే, అదే. చూడ్డానికి గుడ్డ, నిజానికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. అచ్చు వేయని తెల్లటి భాగం కత్తిరించి, ఉతికి వాడొచ్చు. కానీ రెండు జాగ్రత్తలు. 2021 నుంచి ఈ సంచులు 60 జీఎస్ఎంకి (చదరపు మీటరుకి 60 గ్రాముల బరువుకి) తక్కువ ఉండకూడదని నియమం, కాబట్టి ఇప్పుడొచ్చేవి కొంచెం మందం. మధ్య పొరగా పెట్టే ముందు ఊపిరి చూసుకోవాలి. రెండోది ఇస్త్రీ. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీలకే కరిగిపోతుంది, ఇస్త్రీపెట్టెని కాటన్ మీద పెడితే వేడి అంతకంటే పైకి పోతుంది. నేను ఒకసారి ఆ తప్పు చేశాను. మాస్కు మధ్యలో అప్పడంలా బిగుసుకుపోయింది, పెట్టెకి అంటుకున్నది గీకడానికి ఒక పూట పట్టింది.

నాలుగు, ఐదు పొరలు వేయమనేవాళ్ళున్నారు. వేస్తే గాలి బట్టలోంచి వెళ్ళలేక పక్క సందుల్లోంచి వెళ్తుంది. అప్పుడు పొరలు ఎన్ని ఉన్నా ఒకటే.

కొత్త బట్ట తడపాలా?

తప్పకుండా. గంజి పోవాలి, కుంచించుకునేది ముందే కుంచించుకోవాలి. రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పట్టండి. నా మొట్టమొదటి మాస్కులు డజను తడపని పాప్లిన్‌తో కుట్టాను. ఒక్క ఉతుకుకే పెద్దవాళ్ళవి పిల్లల మాస్కులయ్యాయి.

కొలతలు చెప్పండి.

పెద్దవాళ్ళకి వెడల్పు 8.5 అంగుళాలు, ఎత్తు 7.5 అంగుళాలు. చుట్టూ పావు అంగుళం కుట్టుకి పోగా 8 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు మిగులుతుంది. కుచ్చిళ్ళు పెట్టాక పక్కన ఎత్తు 4 అంగుళాలకి దిగుతుంది. బడికెళ్ళే పిల్లలకి 7 వెడల్పు, 6 ఎత్తు, రెండు కుచ్చిళ్ళు చాలు.

36 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) ఉన్న మీటరు బట్టలో ఇలాంటి ముక్కలు 20 వస్తాయి. అంటే రెండు పొరలవి 10 మాస్కులు. 80 సెంటీమీటర్ల జాకెట్ ముక్కలో 16 ముక్కలు, 8 మాస్కులు. కత్తిరించేటప్పుడు పొడుగు నూలు, అడ్డ నూలు వెంబడి కత్తిరించండి. ఏటవాలుగా కత్తిరిస్తే మాస్కు సాగి గడ్డం కింద వేలాడుతుంది.

కుట్టే పద్ధతి మొదటి నుంచి చెప్తారా?

చెప్తాను, నిదానంగా చదవండి. పైపొర ముక్కని మంచివైపు పైకి ఉండేలా పరవండి. 7 అంగుళాల లాస్టిక్ ముక్కలు రెండు తీసుకుని, ఎడమ పక్క పై మూలలో ఒక కొస, కింది మూలలో ఇంకో కొస పెట్టి గుండుసూది గుచ్చండి. కుడి పక్కా అంతే. కొసలు బట్ట అంచుకి సమానంగా ఉండాలి, మిగతా లాస్టిక్ అంతా బట్ట మీదే లోపలికి పడుకోవాలి. మెలి పడకూడదు. దాని మీద లోపలి పొరని మంచివైపు కిందికి చేసి బోర్లించండి. మూడో పొర ఉంటే దాన్ని అన్నిటికీ పైన వేయండి, తిరగేసినప్పుడు అదే మధ్యలోకి పోతుంది. చాలామంది ఇక్కడే తికమకపడి దాన్ని నడుమ పెడతారు, తీరా తిరగేస్తే అది లోపలి వైపు బయటపడి మొహానికి తగులుతుంది.

ఇప్పుడు చుట్టూ పావు అంగుళంలో కుట్టు వేయండి. పై అంచు మధ్యలో మాత్రం ఒకటిన్నర అంగుళం వదిలేయాలి. మూలల దగ్గర లాస్టిక్ మీద ముందుకి వెనక్కి రెండుసార్లు పోనివ్వండి, ముందుగా ఊడేది అక్కడే. మూలల్లో అదనపు బట్ట ఏటవాలుగా కత్తిరించి, వదిలిన సందులోంచి మొత్తం తిరగేయండి. మూలలు బయటికి రావడానికి కత్తెర మొన పెట్టకండి, చిరుగుతుంది. మూత ఉన్న పెన్నుతో నెట్టండి. ఇస్త్రీ చేయండి. సందు దగ్గర అంచుల్ని లోపలికి మడిచి, ఒక్కో మడత మీద విడివిడిగా చేత్తో నాలుగు కుట్లు వేస్తే పోగులు రావు. సందు మాత్రం తెరిచే ఉండాలి. పై అంచుకి అరంగుళం కింద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక కుట్టు లాగండి. అదే తీగ దూర్చే దారి.

తర్వాత కుచ్చిళ్ళు. పైన అంగుళంపావు వదిలి మొదలుపెట్టండి. ఒక్కోటి అరంగుళం లోతు, అంటే అంగుళం బట్ట తింటుంది. మూడూ కిందివైపుకే తిరగాలి. పైకి తిరిగితే చీర కుచ్చిళ్ళలో ఇసుక చేరినట్టు దుమ్మంతా అందులో కూర్చుంటుంది. గుండుసూదులు గుచ్చి, ఇస్త్రీ నొక్కి, రెండు పక్కలా రెండేసి వరసలు కుట్టండి. అక్కడ మూడు పొరల బట్ట మడతపడి తొమ్మిది పొరలవుతుంది. 14 నంబరు సూది తడబడుతుంది, 16 పెట్టుకోండి. పెడల్ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ నాలుగంగుళాలు దాటించండి. నా దగ్గర విరిగిన సూదుల్లో ఎక్కువ శాతం ఈ చోటే విరిగాయి.

మిషన్ లేదు. చేత్తో అవుతుందా?

అవుతుంది, ఒక సీరియల్ చూసేంతసేపు పడుతుంది. ముందు దూరదూరంగా కచ్చా కుట్టు వేసుకుని, తర్వాత ఒక కుట్టు ముందుకి, అర కుట్టు వెనక్కి వేస్తూ దగ్గర దగ్గరగా కుట్టండి. కుచ్చిళ్ళ పక్కల్లో సూది దిగకపోతే సబ్బు మీద ఒకసారి గుచ్చి తీయండి.

ముక్కు దగ్గర తీగ తప్పనిసరా? ఏ తీగ?

నా లెక్కలో తప్పనిసరే. అయితే ఇనుప బైండింగ్ వైరు మాత్రం ఈ ఊళ్ళో పెట్టకండి. సముద్రపు గాలికి తలుపు గొళ్ళేలే తుప్పు పడుతుంటే చెమటలో నానే తీగ ఎన్నాళ్ళుంటుంది? నాలుగు ఉతుకుల్లో తెల్లబట్ట మీద గోధుమరంగు మరక దిగుతుంది, అది ఇక వదలదు. ప్లాస్టిక్ తొడుగున్న సన్నని టెలిఫోన్ వైరు రెండు పోగులు మెలితిప్పి వాడతాను నేను. బ్రెడ్ ప్యాకెట్‌కి చుట్టే కట్టు తీగలు రెండు మూడు కలిపినా సరే. పొడవు 4 అంగుళాలు. రెండు కొసలూ గుండ్రంగా వంచి లోపలికి నొక్కండి, లేకపోతే గుచ్చుకుంటుంది. వదిలిన సందులోంచి దూర్చితే సందు కంటే తీగ పొడవు కాబట్టి జారిపోదు, ఉతికేటప్పుడు బయటికి లాగేయొచ్చు.

లాస్టిక్ మంచిదా, బొందులా?

చెవికి లాస్టిక్ సులువు. పావు అంగుళం వెడల్పుది, మెత్తనిది తీసుకోండి. రోజంతా వేసుకునేవాళ్ళకి, వినికిడి మిషన్ ఉన్న పెద్దవాళ్ళకి తల వెనక కట్టే బొందులే నయం. లంగా బొందుకి వాడే నాడా 16 అంగుళాల చొప్పున నాలుగు ముక్కలు, నాలుగు మూలల్లో. పైన జత చెవుల మీదుగా తల వెనక్కి, కింది జత మెడ వెనక్కి. బొందులతో ఇంకో లాభం ఉంది, అది ఉతకడం దగ్గర చెప్తాను.

సరిగ్గా సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

నన్ను తక్కువమంది అడిగే ప్రశ్న ఇది, ముందు అడగాల్సిందీ ఇదే. గాలి సోమరిది. బట్ట పోగుల్లోంచి దూరే కష్టం కంటే బుగ్గ పక్కన సందు దొరికితే అందులోంచే పోతుంది. ఖరీదైన బట్ట, మూడు పొరలు, అన్నీ ఉండి పక్కన వేలు దూరేంత సందు ఉంటే ఆ కష్టం వృథా.

అద్దం ముందు నిలబడి మాస్కు వేసుకుని, తీగని రెండు చూపుడువేళ్ళతో ముక్కు మీద నొక్కండి. కింది అంచు గడ్డం కిందికి పోవాలి, గడ్డం మీద ఆగకూడదు. గట్టిగా ఊదండి. కళ్ళ మీదికి గాలి తగిలితే ముక్కు దగ్గర వదులు, చెవుల వైపు తగిలితే లాస్టిక్ వదులు. ఊపిరి లోపలికి లాగినప్పుడు బట్ట మొహం వైపు కొంచెం అతుక్కున్నట్టు వస్తే గాలి బట్టలోంచే వస్తోందన్నమాట. ఆ తర్వాత "ఆర్టీసీ కాంప్లెక్స్, ఆశీల్‌మెట్ట, జగదాంబ" అని గట్టిగా పదిసార్లు అనండి. మాస్కు ముక్కు దిగి వచ్చేస్తే ఎత్తు చాల్లేదు, ఈసారి ముక్కని అరంగుళం పెంచండి.

వదులుగా ఉంటే మళ్ళీ విప్పి కుట్టక్కర్లేదు. మూల దగ్గర లాస్టిక్‌కి ఒక ముడి వేసి, పక్క అంచులో మిగిలిన గుడ్డని లోపలికి మడిచి రెండు టాకాలు వేస్తే చాలు. ఒకే ఇంట్లో ఐదుగురుంటే ఐదు మొహాలు. మా మావగారి ముక్కుకి కుట్టింది మా పెద్దమ్మాయికి గొడుగులా ఉంటుంది.

గడ్డం ఉంటే?

సందు ఉంటుంది. గుడ్డ మాస్కుకైతే పర్లేదు, తుంపరల్ని ఆపుతుంది. ఎన్95 మాత్రం గడ్డం మీద బిగియదు.

కళ్ళజోడు మసకేస్తోంది.

తీగ నొక్కలేదు. నొక్కినా మసకేస్తే మాస్కు పై అంచుని కళ్ళజోడు ముక్కు దిండ్ల కిందికి పోనివ్వండి, కళ్ళజోడు బరువే దాన్ని అదిమిపెడుతుంది. ఏసీ ఆఫీసులోంచి మే నెల ఎండలోకి వస్తే మాస్కు లేకపోయినా అద్దాలు మసకేస్తాయి, దానికి నా దగ్గర మందు లేదు.

"ఏటమ్మా, ఊపిరాడట్లేదు" అంటారు మా అత్తగారు. ఏం చేయాలి?

ఈ ఉక్కలో ఎవరికైనా అంతే. బట్ట చెమటకి తడిస్తే పోగులు ఉబ్బి గాలి ఆడదు, తడిసిన మాస్కు పని కూడా సరిగా చేయదు. అందుకే బయటికెళ్ళేటప్పుడు రెండు పెట్టుకోమంటాను. సింహాచలం కొండకి వెళ్ళేటప్పుడు వేసుకున్నది దిగేటప్పటికి తడి అయితే మార్చేయడమే. తీసినదాన్ని కాగితం కవరులో విడిగా పెట్టండి, జేబులో కుక్కకండి. మెట్లెక్కేటప్పుడు, మనుషులు లేని చోట నడిచేటప్పుడు తీసేస్తే తప్పేం లేదు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఆయాసం వస్తే బలవంతం చేయొద్దు. నిద్రలో ఎవరికీ వద్దు.

ఎలా ఉతకాలి? వానాకాలం ఎండ ఉండదు కదా?

వాడిన రోజే ఉతకండి. తీగ తీసేసి, వేడినీళ్ళు, బట్టల సబ్బు చాలు. 2020 మార్చి చివర్లో కేంద్ర ప్రభుత్వ ముఖ్య శాస్త్రీయ సలహాదారు కార్యాలయం ఇంటి మాస్కుల మీద ఒక చిన్న పుస్తకం విడుదల చేసింది. అందులో ఉన్న పద్ధతే నేనూ చెప్తాను: సబ్బుతో ఉతికి మంచి ఎండలో 5 గంటలు ఆరబెట్టడం. ఎండ లేకపోతే ప్రెషర్ కుక్కర్లో నీళ్ళలో వేసి 10 నిమిషాలు, కుక్కర్ లేకపోతే మామూలు గిన్నెలో 15 నిమిషాలు మరిగించడం. నీళ్ళలో కాస్త ఉప్పు వేయమన్నారు.

బొందుల లాభం ఇక్కడే. లాస్టిక్‌లో రబ్బరు ఉంటుంది, పదిసార్లు కుక్కర్ చూస్తే సాగిపోయి తిరిగి రాదు. నూలు నాడాకి ఆ బాధ లేదు. వర్షాల్లోనూ అక్టోబరు తుపానుల రోజుల్లోనూ నేను బొందులవే వాడతాను.

ఇంకొకటి. పోర్టు గాలి తగిలే మేడల మీద మాస్కులు ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు పొర పేరుకుంటుంది. లోపలి వైపుని లోపలికే మడిచి ఆరేయండి, లేదా ఇంట్లో ఫ్యాన్ కింద వేసి ఇస్త్రీతో ముగించండి. నాన్ ఓవెన్ పొర ఉన్నదైతే ఇస్త్రీ సంగతి పైన చెప్పాను, పెట్టెని అన్నిటికంటే తక్కువ వేడి మీద ఉంచాలి. బ్లీచింగ్, డెట్టాల్ లాంటివి పోసి నానబెట్టొద్దు, ఆ వాసన మన ముక్కు కిందే ఉంటుంది.

పిల్లలకి ఎన్నేళ్ళ నుంచి వేయొచ్చు?

రెండేళ్ళ లోపు వద్దే వద్దు. ఐదేళ్ళ లోపు పిల్లలకి అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆపై వాళ్ళకి తమంతట తాము తీసుకోగలిగితేనే వేయండి. చిన్నపిల్లల మాస్కుకి మెడ వెనక బొందు కట్టకండి, ఆటలో ఎక్కడైనా తగులుకుంటుంది. బొమ్మలున్న బట్ట పెడితే గుంటలు పేచీ పెట్టకుండా వేసుకుంటారు, అంతే తేడా.

మధ్యలో టిష్యూ పేపరు పెట్టొచ్చా?

గంటలో తడిసి ముద్దవుతుంది, పీచు ఊడి గొంతులోకి పోతుంది. వద్దు.

ఒక మాస్కు ఎన్నాళ్ళు వస్తుంది?

లెక్కపెట్టి చెప్పలేను, బట్టనే అడగాలి. నెలకోసారి మళ్ళీ ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టండి. కుచ్చిళ్ళ మడతల దగ్గర ముందు పల్చబడుతుంది. అక్కడ వెలుతురు కారితే దాని పని అయిపోయినట్టే. లాస్టిక్ ఒక్కటే పోతే మూల విప్పి కొత్తది వేయండి, తీగ దాచుకుని తర్వాత దానికి వాడండి. బట్ట పోతే కుచ్చిళ్ళు విప్పేయండి, చేతిగుడ్డంత ముక్క వస్తుంది. మా వంటింట్లో పాలగిన్నె దింపే మసిగుడ్డ 2020లో కుట్టిన నీలం పూల మాస్కే, ఒక మూల లాస్టిక్ ఇంకా అలాగే ఉంది, మేకుకి తగిలించడానికి.